ఆ కుందేలు గిన్నె మెసా వెర్డేది కాదు బాబాయ్

నెల రోజులుగా వాట్సాప్‌లో ఒక ఫొటో తిరుగుతోంది, మా ఫ్యామిలీ గ్రూప్‌లోనే మూడుసార్లొచ్చింది, మూడోసారి పెట్టింది మా బాబాయే. తెల్ల గిన్నె, లోపల నల్ల కుందేలు, అడుగున చిల్లు. కింద ఏం రాశారంటే, "అమెరికాలో మెసా వెర్డే కొండగుహల అనసాజీలు 2000 ఏళ్ల కింద సారె మీద చేసిన గిన్నె, తవ్వేటప్పుడు గునపం తగిలి చిల్లు పడింది, తర్వాత ఆ జాతే మాయమైపోయింది." ఇందులో కరెక్టుగా ఉన్నది "అమెరికాలో" ఒక్కటే.

ముందు మెసా వెర్డే సంగతి, అది కొలరాడో రాష్ట్రంలో ఉంది. తెలుపు మీద నలుపు గిన్నెలు అమెరికా నైరుతి ప్రాంతమంతా వందల ఏళ్లు చేశారు, రంగు చూసి ఊరు చెప్పలేం. నడిమధ్య ఖాళీ తెలుపు, అందులో ఒక జంతువు, చుట్టూ అంచు కింద గీతలు, ఇది మింబ్రెస్ అనే పాతకాలపు జనాల పద్ధతి, వాళ్లుండేది న్యూమెక్సికో నైరుతి మూల, మెసా వెర్డేకి దాదాపు 500 కిలోమీటర్లు. మెసా వెర్డే గిన్నెలైతే మందంగా ఉంటాయి, అంచు పైన చదునుగా కోసినట్టుండి దాని మీద చుక్కలు పెడతారు, లోపల ఎక్కువగా పట్టీలు, త్రికోణాలు, మెట్ల డిజైన్లు. రంగు కూడా చూడాలి. అక్కడ ఎక్కువగా బీవీడ్ అనే మొక్కని ఉడకబెట్టి చిక్కబరిచిన రసం వాడారు, అది మట్టిలోకి ఇంకిపోయి గీత అంచులు నాసిరకం కాగితం మీద ఇంకులా పాకుతాయి. మింబ్రెస్ వాళ్లది ఇనుము ఉన్న ఖనిజం రంగు, అది పైనే నిలబడుతుంది, గీత కోసినట్టు పదునుగా ఉంటుంది, కాల్చేటప్పుడు గాలి తగిలిన చోట నలుపు కాస్తా ఇటుక రంగుకి తిరుగుతుంది. ఫొటో జూమ్ చేసి చూడండి, కుందేలు ఒక చెవి నల్లగా, రెండోది ఎర్రగా లేదూ? అలాగని రంగొక్కటే పట్టుకుని తేల్చెయ్యకండి, మెసా వెర్డే వైపు కూడా ఖనిజం రంగు వాడిన కుండలున్నాయి. అంచు, బొమ్మ, రంగు మూడూ కలిపి చూడాలి.

2000 ఏళ్లా? ఈ మింబ్రెస్ రకం సుమారు క్రీ.శ. 1000 నుంచి 1130 మధ్యది. మెసా వెర్డే నలుపు-తెలుపు ఇంకా తర్వాత, 1200ల నాటిది.

సారె అయితే అసలే లేదు. కొలంబస్ రాకముందు అమెరికా ఖండాల్లో కుమ్మరి సారె లేనేలేదు, మట్టిని తాళ్లలా చేసి చుట్టలు పేర్చి, గీకి, గులకరాయితో నునుపు చేసి, యక్కా ఆకు కొస నలిపి కుంచె చేసుకుని గీసేవాళ్లు. ఆ సన్న గీతలు చేత్తోనే.

చిల్లు గునపంది కాదు, కావాలని పొడిచింది. చనిపోయినవాళ్లని ఇంటి నేల కిందే పూడ్చి, ముఖం మీద ఈ గిన్నె బోర్లించేవాళ్లు. ఆత్మ బయటికి పోడానికి అని చెప్తుంటారు, అది తర్వాతివాళ్లు చెప్పుకున్న అర్థం. పాడుచేసింది మాత్రం 1960, 70ల్లో గిన్నెలమ్ముకోడానికి సమాధుల మీద బుల్డోజర్లు తోలినవాళ్లు, ఆ సంగతి ఏ ఫార్వర్డ్‌లోనూ ఉండదు.

ఇక మాయమవడం. మెసా వెర్డే వాళ్లు 1200ల చివర్లో కరువూ గొడవలూ వచ్చి దక్షిణానికి వెళ్లారు, ఇప్పటికీ ఉన్న హోపీ, జూనీ, అకోమా, రియో గ్రాండే నది పక్కనున్న ప్యూబ్లోల (అక్కడి ఆదివాసుల ఊళ్లు) జనం వాళ్ల వారసులే. "అనసాజీ" నవాహోలనే వేరే ఆదివాసీ తెగ మాట, శత్రువుల పూర్వీకులు అనే అర్థం వస్తుంది కాబట్టి ఈ వారసులకి నచ్చదు. పైగా మింబ్రెస్ వాళ్లని ఆ లెక్కలో వెయ్యరు, మొగోయోన్ అనే వేరే సంస్కృతి కింద లెక్కేస్తారు. అకోమాలో లూసీ లూయిస్ అనే ఆవిడ 1950ల తర్వాత ఈ మింబ్రెస్ బొమ్మలే చూసి మళ్లీ తెల్ల కుండల మీద నల్లగా గీసింది, ఆవిడ పిల్లలు కూడా ఆ పని నేర్చుకున్నారు.