కొవ్వు దాచుకుంటే షుగర్ తగ్గుతుందట!

కాలేజీ గ్రూపు, అపార్ట్‌మెంట్ గ్రూపు, చివరికి పెద్దమ్మ వాళ్ళ సత్సంగం గ్రూపు, ఎక్కడ చూసినా అదే మెసేజ్. "ఆపరేషన్‌లో తీసేసిన కొవ్వు, మాయ, ఎముక ముక్కల్లో స్టెమ్ సెల్స్ ఉంటాయి. ఆస్పత్రులు మీకు చెప్పకుండా లక్షలకు అమ్ముకుంటున్నాయి. అడిగి తీసుకుని బ్యాంకులో దాచుకోండి. షుగర్, మోకాళ్ళు, ఆటిజం అన్నీ నయమవుతాయి. మీ కణాలే కాబట్టి సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు." పంపినవాళ్ళలో బయాలజీ లెక్చరర్ కూడా ఉన్నారు, ఏం చెప్పమంటారు!

స్టెమ్ సెల్స్, అంటే వేరే రకాల కణాలుగా మారగల మూలకణాలు, ఉంటాయా? ఉంటాయి, అందులో రహస్యం ఏముంది? లైపోసక్షన్‌లో లాగేసిన కొవ్వు నుంచి కణాల్ని విడదీసి, ల్యాబ్‌లో ఎముక కణాలుగా మార్చవచ్చని 2001లోనే పేపర్ వచ్చింది. అంతదూరం ఎందుకు, హైదరాబాద్‌లో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆస్పత్రి వాళ్ళు 2012లో ప్రచురించిన పద్ధతి ఉంది. సున్నమో యాసిడో పడి ఒక కన్ను కాలిపోతే, బాగున్న కంటి నల్లగుడ్డు అంచు నుంచి, మూలకణాలుండే చిన్న ముక్క తీసి, దాన్ని ఇంకా చిన్న ముక్కలు చేసి, కాలిన కంటి మీద పరిచిన ఉమ్మనీటి సంచి పొరపై అంటిస్తారు. ఆ పొర వచ్చేది, ప్రసవమయ్యాక పారేయాల్సిన మాయ నుంచే. తల్లి అనుమతి తీసుకుని, రక్తపరీక్షలు చేసి మరీ సేకరిస్తారు.

లక్షలకు అమ్మడమా? తీసేసిన శరీరభాగాలు ఆస్పత్రి చెత్తకి పెట్టే పసుపు సంచిలో పడి కాల్చడానికి పోతాయి. కణాలు బతికుండాలంటే క్రిమి సోకకుండా, చల్లటి ద్రవంలో, గంటల్లో ల్యాబ్‌కి చేరాలి. లిఫ్టు కూడా సరిగ్గా పనిచేయని నర్సింగ్ హోమ్‌లో రాత్రికి రాత్రి ఇదంతా నడుస్తోందంటే వాళ్ళకి దండం పెట్టాలి.

బ్యాంకులో దాచుకోవడం సంగతి. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం మన దేశంలో బొడ్డుతాడు రక్తం తప్ప కొవ్వు, మాయ, పంటి గుజ్జు లాంటివి డబ్బు తీసుకుని దాచే వ్యాపారానికి అనుమతి లేదు. అయిపోయింది.

ఇక అసలు విషం చివరి వాక్యంలో ఉంది. "మీ కణాలే కాబట్టి" అట! మన సొంత రక్తమే మెదడులో చిమ్మితే పక్షవాతం వస్తుంది కదా, అది పక్కింటాయన రక్తమా? అమెరికాలో ఫ్లోరిడాలోని ఒక క్లినిక్‌లో, వయసు మీద పడి చూపు మందగిస్తున్న ముగ్గురు ఆడవాళ్ళకి పొట్ట కొవ్వు తీసి, అందులోని కణాల్ని రెండు కళ్ళలోకీ ఒకే రోజు ఎక్కించారు. ఒక్కొక్కరూ 5,000 డాలర్లు కట్టారు. ఉన్న కాస్త చూపూ దాదాపుగా పోయింది, ఒకరికైతే వెలుతురు కూడా తెలియకుండా పోయింది. 2017లో పెద్ద వైద్య పత్రికలో వచ్చిన విషయమిది. వాళ్ళ కణాలే మరి! కొవ్వులోని కణాన్ని తీసుకెళ్ళి కంట్లో పెడితే "ఇప్పుడు నేను రెటీనాని, చూపునిచ్చే పొరని" అని దానికి ఎవరు చెప్తారు? అది తనకు తెలిసిన పని చేసుకుంటుంది, మచ్చ కడుతుంది, రెటీనాని గుంజి ఊడదీస్తుంది.

మన దగ్గర మామూలు చికిత్సగా ఆమోదం ఉన్నది ప్రధానంగా రక్తానికి సంబంధించిన కొన్ని జబ్బులకు చేసే మూలకణాల మార్పిడికే. ఆమోదం లేనివన్నీ అనుమతి ఉన్న ట్రయల్స్‌లోనే, అంటే పరిశోధన పరీక్షల్లోనే చేయాలి, ట్రయల్ అయితే పేషెంట్ దగ్గర డబ్బు తీసుకోకూడదు. కాబట్టి ఆటిజం ఉన్న పిల్లాడికి ఇంజెక్షన్‌కి ఇంత అని రేటు చెప్పారంటే అక్కడే లేచి వచ్చేయండి. ఆ అమ్మానాన్నలు పడే టెన్షన్ చాలదా, పొలం అమ్మించడానికి మీ ఫార్వర్డ్ కూడా కావాలా?

అయితే "మీకు చెప్పకుండా" అన్న మాట మాత్రం నేను కొట్టిపారేయలేను. 1976లో లాస్ ఏంజెలిస్‌లో జాన్ మూర్ అనే రోగికి రక్త క్యాన్సర్ వల్ల ప్లీహం (స్ప్లీన్) తీసేశారు. డాక్టర్ ఆ కణాల నుంచి ఒక సెల్ లైన్ (ల్యాబ్‌లో ఎడతెగకుండా పెరిగే కణాలు) తయారుచేశాడు, 1984లో పేటెంట్ కూడా వచ్చింది, మూర్‌కి ముందుగా చెప్పినవాడు లేడు. 1990లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు, ఆ కణాల మీద ఆయనకు యాజమాన్య హక్కు లేదంది కానీ, డాక్టర్ తన లాభం సంగతి ముందే చెప్పి ఉండాల్సిందని కూడా అంది. మన దగ్గర ఆపరేషన్ ముందు ఇంగ్లీషు కాగితాల మీద "ఇక్కడ, ఇక్కడ" అని చూపిస్తే బావమరిది సంతకాలు పెట్టేస్తాడు. తీసిన ముక్కని పరిశోధనకో పాఠాలకో వాడుకుంటామనే లైను అందులో ఉందేమో అడిగి చదివించుకోండి. ఇష్టమైతే సంతోషంగా ఒప్పుకోండి, లేకపోతే ఆ లైను కొట్టేయించాకే సంతకం పెట్టండి.