బరువు లేని బంతి

మా వాడికి ఎనిమిదేళ్లు. ఆటిజం. చొక్కాకి రెండు గుండీలు పెట్టుకుంటాడు, మూడోదానికి విసుగొచ్చి లాగి పారేస్తాడు. మెట్టు మెట్టుకీ రెండు కాళ్లూ ఆనించి దిగుతాడు. ఆటిజం అనగానే అందరూ "మాటలొచ్చాయా?" అనే అడుగుతారు. ఈ చేతులూ కాళ్ల గొడవ ఎవరికీ పట్టదు.

మొన్న ఒక థెరపీ సెంటర్ వాళ్లు వీఆర్ ప్యాకేజీ, అంటే కళ్లకి హెడ్‌సెట్ తగిలించుకుని ఆడే వర్చువల్ రియాలిటీ ఆటలు, అంటగట్టబోయారు. "ఇక ఓటీ సెషన్లు తగ్గించేయొచ్చు మేడమ్, అంతా గేమ్‌లోనే అయిపోతుంది" అన్నారు. ఓటీ అంటే ఆక్యుపేషనల్ థెరపీ, గుండీలు పెట్టుకోవడం లాంటి రోజువారీ పనులు నేర్పేది. ఒళ్లు మండింది. అయినా ఆశ చావదు కదా, ట్రయల్‌కి తీసుకెళ్లా.

హెడ్‌సెట్ అర కిలో ఉంటుంది. మా వాడు నెత్తిన టోపీ పెడితేనే ఊరుకోడు. పట్టీ బిగించి నిమిషం కాలేదు, ఊడదీసి, "అయిపోయింది" అని థెరపిస్ట్ ఒళ్లో పెట్టేశాడు. విసిరికొట్టనందుకు దేవుడికి దండం పెట్టుకున్నా. అన్నట్టు, మెటా క్వెస్ట్ అనే ఈ రకం హెడ్‌సెట్‌కి కంపెనీయే కనీస వయసు 10 ఏళ్లని పెట్టింది. ఆ ముక్క అక్కడ ఎవరూ చెప్పలేదు.

పక్క గదిలో మాత్రం ప్రొజెక్టర్‌తో నేల మీద బుడగలు వేశారు. కాలు పెడితే పగులుతాయి. తొక్కుడుబిళ్ల లాంటిదే అనుకోండి. వాడు ఒంటికాలి మీద నిలబడి, తూలి, మళ్లీ నిలబడి ఇరవై నిమిషాలు ఆడాడు! ఎంత బతిమాలినా ఇంట్లో చెయ్యని పని. అందుకే టెక్నాలజీయే దండగ అనను. ఒంటికి ఏమీ తగిలించకుండా కెమెరాతోనే కదలికలు పట్టే మైక్రోసాఫ్ట్ వాళ్ల గేమ్ పరికరం కినెక్ట్ 2010లోనే వచ్చింది. 2017లో తయారీ ఆపేశారు. నాకిప్పటికీ ఉసూరుమంటుంది.

చివర్లో గోడ మీద బంతులు పట్టే ఆట. ఇరవైకి పదిహేడు! స్కోరు ఫొటో తీసి పంపారు కూడా. సాయంత్రం డాబా మీద వాళ్ల తాతయ్య రబ్బరు బంతి విసిరితే నేరుగా ఛాతీకి తగిలి కింద పడింది. చేతులు లేవనే లేదు.

నాకేం ఆశ్చర్యం లేదు. ఆటిజం ఉన్న పిల్లలు కొత్త కదలిక నేర్చుకునేటప్పుడు కంటికి కనబడేదానికన్నా కీళ్లకీ కండరాలకీ తెలిసేదాన్నే ఎక్కువ నమ్ముకుంటున్నారని 2009లో జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు చూపించారు. రోబో చేతిని పిల్లలచేత పట్టించి మరీ చూశారు. గోడ మీది బంతి వాడి కంటికే గానీ అరచేతికి తగలదే!

"ఆట అయ్యాక పది నిమిషాలు నిజం బంతితో ఆడించండి" అని అడిగితే, అది ప్యాకేజీలో లేదట.

ఇప్పుడు మా అత్తయ్య పాత సాక్సులో బియ్యం పోసి ముడేసింది. అది చేతిలో పడితే దబ్బుమంటుంది, జారదు. నిన్న పదిలో మూడు పట్టాడు. బుడగల ఆటకి మళ్లీ పంపిస్తా, డబ్బులూ కడతా. కానీ ఈసారి నాకు గేమ్ స్కోరు పంపొద్దు. మూడో గుండీ పెట్టిన రోజు ఫోన్ చెయ్యండి.