ఫ్లోరైడ్ సిమెంటు గురించి తిరుగుతున్న మాటలు, అసలు నిజాలు

“ఫ్లోరైడ్ విడుదల చేసే సిమెంటు పెట్టించుకుంటే పన్ను జీవితాంతం పుచ్చదు. ఫిల్లింగులన్నింటిలో అదే గట్టిది. కాంపోజిట్ (పంటి రంగులో ఉండే రెసిన్ ఫిల్లింగు) పేరుతో డాక్టర్లు డబ్బు గుంజుతున్నారు” అనే సందేశం తిరుపతి వాట్సాప్ గ్రూపుల్లో చేతులు మారుతోంది. దీన్ని నమ్మి నమిలే దవడ పన్నుకు తప్పుడు పదార్థం ఎంచుకునే ప్రమాదం ఉంది కాబట్టి సమాధానం చెప్పక తప్పదు.

ముందుగా గట్టిదనం సంగతి. ఆ సిమెంటు పేరు గ్లాస్ అయనోమర్. విల్సన్, కెంట్ అనే శాస్త్రవేత్తలు 1970ల తొలినాళ్లలో దీన్ని లోకానికి పరిచయం చేశారు. ఫ్లోరైడ్ కలిగిన గాజు పొడి మీద పాలీయాక్రిలిక్ ఆమ్లం పనిచేసి ముద్ద గట్టిపడుతుంది. ఆ క్రమంలో వెలువడిన ఫ్లోరైడ్, నీటిని పట్టి ఉంచే ఆ ముద్దలోంచి నెమ్మదిగా బయటికి వస్తుంది. అయితే నమిలేటప్పుడు పడే వంపు ఒత్తిడిని ఈ నిర్మాణం బాగా తట్టుకోలేదు. నమిలే ఉపరితలంపై వాడే కాంపోజిట్‌కు అంతర్జాతీయ ప్రమాణం కనీసం 80 మెగాపాస్కల్‌ల (ఒత్తిడిని కొలిచే ప్రమాణం) వంపు బలాన్ని కోరుతుండగా, సాధారణ గ్లాస్ అయనోమర్ అందులో సగానికి చేరడమే కష్టం. ఫ్లోరైడ్ విడుదల చేసే పదిహేను పదార్థాలను పోల్చి 2003లో వెలువడిన ఒక అధ్యయనంలో, ఎక్కువ ఫ్లోరైడ్ విడుదల చేసినవాటికే నొక్కుడు బలం తక్కువగా ఉన్నట్టు తేలింది. అంటే సందేశం ఒకే పదార్థానికి అంటగట్టిన రెండు గొప్పలూ సాధారణంగా ఒకచోట కుదరవు.

పైగా కలిపే పద్ధతి కూడా బలాన్ని నిర్ణయిస్తుంది. కలిపే ప్యాడ్ మీద ముద్ద నిగనిగలాడుతుండగానే గుంతలో పెట్టాలి. ఆ మెరుపు పోయాక పెడితే పంటికి సరిగా అతుక్కోదు. కలపడం సులువవుతుందని ద్రవం ఎక్కువ పోస్తే ఫిల్లింగు మరింత బలహీనమవుతుంది.

ఇక “జీవితాంతం” అన్న మాట. ఫ్లోరైడ్ విడుదల మొదటి ఒకటి రెండు రోజుల్లో అధికంగా ఉండి, తర్వాతి వారాల్లో బాగా పడిపోతుంది. ఫ్లోరైడ్ టూత్‌పేస్టుతో రోజూ తోముకుంటే కొంత తిరిగి నిండుతుంది కాబట్టి, బ్రష్ మానేసి సిమెంటు మీద భారం వేయడం కుదరదు.

కాంపోజిట్ ఖరీదుకు కారణం మోసం కాదు. పన్నును పొడిగా ఉంచి, ఆమ్లంతో గరుకుపరిచి, బంధక ద్రవం పూసి, సాధారణ రకాలైతే సుమారు 2 మిల్లీమీటర్ల పొరలుగా వేస్తూ ప్రతి పొరనూ కాంతితో గట్టిపరచాలి.

ఆ సందేశానికి విరుద్ధంగా, ఈ సిమెంటు ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే జబ్బు) తెస్తుందనే భయమూ వినిపిస్తోంది. పంటి ఫ్లోరోసిస్ వచ్చేది చిన్నతనంలో, పళ్లు రూపుదిద్దుకునే వయసులో, నీటి ద్వారానో మరోలానో ఎక్కువ ఫ్లోరైడ్ కడుపులోకి పోయినప్పుడు. ఫిల్లింగునుంచి వచ్చే కొద్దిపాటి ఫ్లోరైడ్‌తో ఆ ప్రమాదం లేదు.

గ్లాస్ అయనోమర్‌ను చిన్నచూపు చూడనక్కరలేదు. పాల పళ్లకు, చిగురు పక్కన అరిగిన పంటి మెడకు, లాలాజలం ఆపడం కష్టమైన చోట ఇదే మేలైన ఎంపిక కావచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో దీన్ని అత్యావశ్యక ఔషధాల జాబితాలో చేర్చింది కూడా.