ఎడెన్సర్ ఊరిని ఆరవ డ్యూక్ ఒక్క వేటుతో చెరిపేశాడా?

ఇంగ్లండ్‌లో డెర్బీషైర్‌లోని చాట్స్‌వర్త్ సౌధాన్ని చూసి వచ్చినవారు తరచుగా చెప్పే కథ ఒకటి ఉంది. ఆరవ డ్యూక్ ఆఫ్ డెవన్‌షైర్ తన కిటికీలోంచి చూసినప్పుడల్లా ఎదురుగా ఎడెన్సర్ ఊరు కనబడడం గిట్టక, దానిని ఆనవాలు కూడా మిగలకుండా కూల్చివేయించి, జనాన్ని వెళ్లగొట్టి, కంటికి ఆనని చోట బొమ్మరిళ్లలాంటి కొత్త ఊరు కట్టించాడట. ఇందులో నిజం కొంత ఉన్నందువల్లనే మిగిలిన అబద్ధం కూడా సులువుగా చెలామణి అవుతోంది.

మొదటి తప్పు కాలానికి సంబంధించినది. సౌధం నుంచి కనిపించే ఇళ్లను తొలగించే పని ఆరవ డ్యూక్ పుట్టకముందే, 1760లలో, నాలుగో డ్యూక్ హయాంలో మొదలైంది. ఆయన సౌధానికి వచ్చే దారిని మార్చాలనుకుని డెర్వెంట్ నది పాయను సవరింపజేసి, వాస్తుశిల్పి జేమ్స్ పెయిన్ చేత కొత్త వంతెన కట్టించి, చుట్టూ ఉన్న నేలను ఉద్యానవనాల రూపశిల్పి ‘కేపబిలిటీ’ బ్రౌన్ చేత పార్కుగా తీర్చిదిద్దించాడు. చూపుకు అడ్డం వచ్చిన ఇళ్లు అప్పుడే పోయాయి. ఆరవ డ్యూక్, ఆయన తోటల అధిపతి జోసెఫ్ పాక్స్‌టన్ కలిసి 1838 నుంచి 1842 వరకు చేయించినది ఆ పనికి కొనసాగింపు. అంటే ఇది ఒక మనిషికి ఒకనాడు కలిగిన చిరాకు కాదు. ఎనభై ఏళ్లపాటు తరాలు మారుతూ సాగిన వ్యవహారం.

ఆనవాలు మిగల్లేదన్న మాటను ఊరే కాదంటుంది. పాత వికారేజీ (చర్చి మతాధికారి నివాసం), పచ్చికబయలు వైపు చూసే రెండు పాత ఇళ్లు నేటికీ ఉన్నాయి. 1770లలో ఇటుకతో కట్టిన సత్రం ఎస్టేటు కార్యాలయమైంది. అన్నిటికంటే గట్టి సాక్ష్యం పార్క్ కాటేజీ. ఊరంతా రోడ్డుకు ఒకవైపు ఉండగా, ఈ చిన్న ఇల్లు మాత్రం తన తోట చుట్టూ గోడతో రెండోవైపు, పార్కు గడ్డి మధ్య, ఒంటరిగా నిలిచి ఉంది. అందులో ఉన్న వృద్ధుడు కదలనన్నాడని స్థానికులు చెప్పుకుంటారు. ఆ కారణం ఎలా ఉన్నా ఇల్లు మాత్రం కళ్ల ముందే ఉంది. ఇక ఊరిని పూర్తిగా దాచడమే ఆ కుటుంబం ధ్యేయమైతే, 1860ల చివర వాస్తుశిల్పి జార్జ్ గిల్బర్ట్ స్కాట్ చేత పార్కులో ఎంతో దూరానికి కనిపించే శిఖరంతో చర్చిని కట్టించి ఉండేవారు కాదు.

కొత్త ఇళ్ల గురించి ఇంకో పిట్టకథ ఉంది. నమూనాల పుస్తకం చూపిస్తే, తీరిక లేని డ్యూక్ ‘అన్నిటిలోనూ ఒక్కొక్కటి కట్టండి’ అన్నాడట. వెడల్పు చూరుతో స్విస్ ఇల్లు, దాని దగ్గరలోనే పాత ఇంగ్లిష్ ట్యూడర్ తరహా పొగగొట్టాలు, మరోచోట ఇటలీ తరహా విల్లా కనిపిస్తే అలా అనిపించడం సహజమే. కానీ డ్యూక్, పాక్స్‌టన్ ఇద్దరూ 1838-39లో స్విట్జర్లాండ్, ఇటలీ మీదుగా సుదీర్ఘంగా ప్రయాణించారు. బ్రిస్టల్ దగ్గర వాస్తుశిల్పి జాన్ నాష్ రూపొందించిన బ్లేజ్ హామ్లెట్ అనే చిన్న ఇళ్ల సముదాయాన్ని స్వయంగా చూసి మెచ్చుకున్నారు. ఇళ్ల నమూనాలు గీసిన జాన్ రాబర్ట్‌సన్ అంతకుముందు తోటలు, ఇళ్ల నమూనాల గురించి పుస్తకాలు రాసిన లౌడన్ దగ్గర చిత్రకారుడిగా ఇదే పనిలో చేయి తిరిగినవాడు. ఇంత సన్నాహం ఉన్న పనిని అలక్ష్యంగా చేసినదని అనడం అన్యాయం.

జనాన్ని వెళ్లగొట్టారన్న ఆరోపణను మాత్రం నేను తేలికగా కొట్టివేయను. 1760లలో ఇళ్లు కోల్పోయినవారికి పక్కనే ఉన్న పిల్స్లీ, బీలీ గ్రామాల్లో ఇళ్లు ఇచ్చారు కాబట్టి వీధిన పడేశారనడం నిజం కాదు. అయితే ఇల్లు ఇవ్వడం వేరు, ఇష్టం అడగడం వేరు. భూమి డ్యూక్‌ది, ఇల్లు డ్యూక్‌ది, తరచుగా పని కూడా డ్యూక్ దగ్గరే అయినప్పుడు కౌలుదారు కాదనగలిగేది ఎంత? ఆ మాట నిలదీసి అడగవలసిందే.

నిజంగా దౌర్జన్యంగా ఊరిని తుడిచిపెట్టిన ఉదంతం కావాలంటే డోర్సెట్ వెళ్లాలి. అక్కడ జోసెఫ్ డామర్ అనే లార్డ్ మిల్టన్ తన సౌధం పక్కన ఉన్న మిల్టన్ అనే సంత పట్టణాన్నే 1780 ప్రాంతంలో కూల్చివేయించి, మిల్టన్ అబ్బాస్ అనే కొత్త ఊరిని కట్టించాడు. ఇల్లు ఖాళీ చేయనన్న విలియం హారిసన్ అనే న్యాయవాది ఇంటి మీదికి నీళ్లు వదిలించాడు. హారిసన్ దావా వేసి గెలిచాడు. ఎడెన్సర్ పేరుతో తిరుగుతున్న కథకు ఈ డోర్సెట్ ఉదంతమే ఎక్కువగా సరిపోతుంది.