చివరి గంట కొట్టాక మొదలయ్యే మీటింగు

దేవరకొండ దగ్గర ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో గణితం చెప్పే నన్ను, కట్టలకొద్దీ నోటుపుస్తకాలు దిద్దడం కన్నా ఎక్కువగా అలసటకు గురిచేసేది చివరి గంట కొట్టాక మొదలయ్యే స్టాఫ్ మీటింగే. పొద్దున వాట్సాప్‌లో అందరం చదివిన సర్క్యులర్‌నే ప్రధానోపాధ్యాయులు మళ్లీ వాక్యం వాక్యం చదివి వినిపిస్తారు; ఆ తర్వాత యూడైస్ (బడుల సమాచారం నమోదు చేసే ప్రభుత్వ వ్యవస్థ) వివరాలు, మధ్యాహ్న భోజనం లెక్కలు, ఎవరి రిజిస్టరు పూర్తి కాలేదన్న ఆరా. నల్లగొండ బస్సు వెళ్లిపోతుందని, ఇంట్లో చంటిబిడ్డ ఎదురుచూస్తున్నదని చెప్పలేక తోటి టీచరమ్మ తల వంచుకొని కూర్చుంటుంది.

ఆరో తరగతికి వచ్చినా కూడబలుక్కుని చదివే పిల్లల సంగతి గానీ, పత్తి ఏరే రోజుల్లో బడికి రాని పిల్లల సంగతి గానీ ఆ గంటన్నరలో ఒక్కసారీ రాదు. నా బాధంతా అదే.

జనాభా లెక్కలు, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప వేరే బోధనేతర పనులకు మమ్మల్ని పంపకూడదని 2009 విద్యాహక్కు చట్టంలోని 27వ సెక్షన్ చెబుతున్నది. బడి లోపల పోయే కాలాన్ని మాత్రం ప్రధానోపాధ్యాయులే కాపాడాలి. చదివితే తెలిసేదాన్ని చదువుకోవడానికే వదిలి, చర్చించాల్సిన ఒక్క విషయాన్ని ముందురోజే చెప్పి, బడివేళల్లోనే అరగంటలో ముగించవచ్చు కదా! ఇదివరకటి బడిలో మా పెద్దసారు అట్లాగే నడిపేవారు. ఎవరైనా నీరసించినట్టు కనిపిస్తే, అడగకముందే వారి పీరియడు తాను తీసుకునేవారు. ఈ బడిలో నిరుడు ఇద్దరు దీర్ఘకాలిక సెలవు పెట్టారు. ఎందుకని ఏ మీటింగులోనూ ఎవరూ అడగలేదు.