ఏవియేషన్ ఇంగ్లీషుకు మెటీరియల్ హ్యాంగర్‌లోనే ఉంది

విమానయాన సిబ్బందికి ఇంగ్లీషు చెప్పే టీచర్లు ఎక్కడ కలిసినా ఒకటే అడుగుతారు: మంచి మెటీరియల్ ఎక్కడ దొరుకుతుంది? పైలట్లకు, నేల మీంచి విమానాలకు దారి చెప్పే కంట్రోలర్లకైతే బోలెడుంది. వాళ్లకు ఐకావో (అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ) ఇంగ్లీషు పరీక్షలో లెవెల్ 4 తప్పనిసరి చేసింది కాబట్టి పుస్తకాలు, యాప్‌లు, మాక్ టెస్టులు పుట్టగొడుగుల్లా వచ్చాయి. ఆ పరీక్ష లేని మెకానిక్‌కు, ఇంధనం నింపే మనిషికి మాత్రం చాలాచోట్ల హోటల్ రిసెప్షన్ ఇంగ్లీషునే విమానం బొమ్మ అట్టలో పెట్టి అంటగడుతున్నారు.

అసలు పుస్తకాల వేటే దండగ అంటాను. మెకానిక్ హ్యాంగర్‌లో, అంటే విమానాలు బాగుచేసే షెడ్డులో, రోజూ చేతులు మసి చేసుకుని తిరగేసే మాన్యువల్, చేయాల్సిన పని రాసి ఉండే టాస్క్ కార్డు, షిఫ్ట్ మారేటప్పుడు రాసిపెట్టే నోట్సు చాలు. 'రీప్లేస్' అన్న ఒక్క మాట తీసుకోండి. విప్పిన భాగాన్నే తిరిగి బిగించాలా, దాన్ని పక్కన పడేసి వేరేది పెట్టాలా? మామూలు ఇంగ్లీషులో రెండు అర్థాలూ చెల్లుతాయి. విమానం దగ్గర చెల్లవు. అందుకే యూరప్ విమాన పరిశ్రమ 1980లలో సింప్లిఫైడ్ టెక్నికల్ ఇంగ్లీష్ తయారుచేసుకుంది. అందులో మాటకు ఒకే అర్థం. 'ఫాలో' అంటే తర్వాత రావడమే, పాటించడం కాదు. పని చెప్పే వాక్యం 20 పదాలు దాటకూడదు. ఇంతకంటే చక్కటి సిలబస్ ఏ పబ్లిషర్ ఇస్తాడు?

ఇలాంటి కాగితాలు కొత్తవాళ్లకు కొరుకుడు పడవనీ, టీచర్‌కే విమానం గురించి తెలియదనీ కొందరంటారు. నిజమే. తెలియకపోతే ఒక సీనియర్ మెకానిక్‌ను క్లాసులో పక్కన కూర్చోబెట్టుకోండి. ఆయన ఇంగ్లీషు అంతంతమాత్రమైతే ఇంకా మంచిది, విద్యార్థులకు బెరుకు పోతుంది.

ఇక ప్రమాద నివేదికలు. ఉచితంగా దొరుకుతాయి, మాటకు మాట రాసి ఉంటాయి. 1990 జనవరి 25న కొలంబియా సంస్థ అవియాంకా వారి 52 నంబరు విమానం న్యూయార్క్ దగ్గర ఇంధనం అయిపోయి కూలింది. 158 మందిలో 73 మంది చనిపోయారు. ఇంధనం అయిపోతోందని కో-పైలట్ చెప్పాడు, 'ఎమర్జెన్సీ' అని మాత్రం ఒక్కసారీ అనలేదు. తప్పంతా అతని ఇంగ్లీషుదే అన్నట్టు క్లాసుల్లో చెబుతుంటారు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

ఎందుకంటే మొదటి ల్యాండింగ్ కుదరక విమానం మళ్లీ పైకి లేచాక, ఇంగ్లీషు మాతృభాషగా ఉన్న కంట్రోలర్ అడిగిన ప్రశ్న చూడండి. 15 మైళ్లు అటు తీసుకెళ్లి వెనక్కి తిప్పుతానంటూ, 'ఈజ్ దట్ ఫైన్ విత్ యూ అండ్ యువర్ ఫ్యూయెల్?' అన్నాడు. 'ఐ గెస్ సో, థాంక్యూ వెరీ మచ్' అని జవాబు వచ్చింది. మర్యాదకు మర్యాద! కొన్ని నిమిషాలకే ఇంజిన్లు ఆగిపోయాయి. ఎన్ని నిమిషాల ఇంధనం ఉందని అడిగి ఉంటే అంకె వచ్చేది.

ఐకావో సిఫార్సు ప్రకారం లెవెల్ 4 వాళ్లకు మూడేళ్లకోసారి మళ్లీ పరీక్ష. లెవెల్ 6 వస్తే జన్మలో మళ్లీ అక్కర్లేదు, మాతృభాషవాళ్లు సాధారణంగా ఉండేది అక్కడే. కంట్రోలర్ ప్రశ్ననూ, దానికి వచ్చిన జవాబునూ మొదట ఈ మాతృభాషవాళ్ల ముందే పెట్టి, ఆ ప్రశ్నను అంకెతో జవాబు వచ్చేలా తిరగరాయమనాలి.