ఈల గారికి, కోనసీమ నుంచి ఒక ఉత్తరం

ఈల గారూ,

ఆయ్, నమస్కారమండీ. మా కుక్కకి చదువు చెప్పడానికి మీరు మా ఇంటికి వచ్చి ఏడాది కావొస్తోంది, ఇన్నాళ్లూ నా మెడలో తాడుకి వేలాడుతూ మా ఇంటి గుట్లన్నీ చూశారు కాబట్టి ఇక మొహమాటం వదిలి రాస్తున్నాను.

మొదటిరోజు మిమ్మల్ని చూసి మా మామ్మ “రిఫరీ ఉద్యోగం వచ్చిందేంట్రా?” అంది. చిటికెన వేలంత ఒళ్లు, దాని మీద 210½ అని అంకె. ఆ అర ఎందుకో నాకూ అర్థం కాలేదు. తర్వాత తెలిసింది, ఒక అంకె ఉన్న ఈలలన్నీ ఒకే శ్రుతిలో మోగుతాయట, ఒకటి కాలవలో పడిపోయినా అదే అంకెది ఇంకోటి కొనుక్కుంటే కుక్కకి తేడా తెలియదట. బావుంది. మా ఇంట్లో ఒకే మనిషి పొద్దున్న కాఫీ ముందు ఒక శ్రుతిలో, కాఫీ అయ్యాక ఇంకో శ్రుతిలో, రాత్రి కరెంటు పోయాక మూడో శ్రుతిలో పలుకుతాడు. మా నాన్న గురించే చెబుతున్నాను.

ఆయన మీ గురించి అడిగినవి మూడే ప్రశ్నలు.

“ఇది తుపాకీతో వేటకెళ్లేవాళ్ల కుక్కలకి నేర్పే ఈల అన్నావు. తుపాకీ ఏదిరా?”

“లేదు నాన్నా.”

“పిట్టలు?”

“కొట్టకూడదు. 1972 నుంచీ చట్టం ఉంది.”

“మరి ఈల ఎందుకు?”

దానికి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. కొల్లేరుకి వెళ్లినా కోరంగి వెళ్లినా పిట్టని చూసి ఫొటో తీసుకుని రావడమే మన వంతు. కానీ మా కాజా లాబ్రడార్ అండీ. వాడి తాతముత్తాతలు దొరలు కొట్టిన బాతుల్ని నీళ్లలోంచి నోట కరుచుకొచ్చిన వంశం. (తాపేశ్వరం కాజా రంగులో ఉంటాడని ఆ పేరు. కుక్క పేరు రెండక్షరాల్లో తేలిపోవాలని, నేర్పే మాటల్లో దేనిలాగానూ వినపడకూడదని చదివి మరీ పెట్టాను.) వంశానికి తగ్గ చదువు చెప్పిద్దామని మిమ్మల్ని ట్యూషన్ మాస్టారుగా పెట్టుకున్నాను, అంతే.

మీ సిలబస్ చిన్నదే. ఒక పొడుగు కూత అంటే ఎక్కడున్నవాడు అక్కడే కూలబడి నా మొహం చూడాలి. చిన్న చిన్న కూతలు వరసగా వస్తే నా దగ్గరికి పరిగెత్తుకు రావాలి. రెండు పొట్టి కూతలైతే వెతుకుతున్న దారి మార్చి ఇటు తిరగాలి. మిగతాదంతా చేతులతోనే, కుడికి చాపితే కుడికి, ఎడమకి చాపితే ఎడమకి, చెయ్యి పైకెత్తి ముందుకి తోస్తే ఇంకా దూరం. ముందు నోటిమాట, తర్వాత చెయ్యి, ఆ రెండూ వచ్చాక ఈల. ఏ మాటైనా ఒక్కసారే చెప్పాలి, రెండోసారి చెబితే మొదటిసారి వినక్కర్లేదని కుక్క నేర్చుకుంటుంది. ఈ ఒక్క నియమం చదివినప్పుడే నేను ఆగాల్సింది. భోజనానికి రమ్మని నాలుగు కేకలేస్తే తప్ప మనిషి కదలని ఇల్లు మాది.

అయినా మీ దగ్గరికి రావడానికి అసలు కారణం మీ గొప్పతనం కాదండీ, మా భాష. మీరు ఇంగ్లండువారు కాబట్టి ఈ బాధ మీకు తెలియదు. తెలుగులో కుక్కని పిలవడానికి “రా” అంటాం. బావుంది కదా, ఒక్క అక్షరం. కానీ కూర్చోమనడానికి ఏమంటాం? “కూర్చోరా.” ఆగమనడానికి “ఆగరా.” వద్దనడానికి “వద్దురా.” అవతలికి పొమ్మనడానికి, చిత్తగించండి, “పోరా”! కాజా పక్షాన ఒక్కసారి ఆలోచించండి. వాడికి ప్రతి వాక్యం చివరా రమ్మనే వినపడుతుంది. వాడు రావడం తప్పా? నేను పోరా అన్నప్పుడల్లా తోక ఊపుకుంటూ ఒళ్లోకి ఎక్కేవాడు. పోనీ గౌరవంగా పిలుద్దామంటే మా పక్కింటి మావయ్య గారు “ఆయ్, రండి కాజా గారూ, దయచేయండి” అని అరుగు మీద పిలిచి బిస్కెట్టు పెడతారు. ఇంట్లో నేను ఇంగ్లీషులో సిట్ అంటాను, అమ్మ కూర్చోరా అంటుంది, మామ్మ “కూకో నాయనా” అంటుంది. మీకు మాత్రం కోపం లేదు, కులాసా లేదు, వరస లేదు, వెనక తగిలించే రా అసలే లేదు. అందుకు మిమ్మల్ని నమ్మాను.

కాలవగట్టు మీద రోజూ సాయంత్రం అరగంట. తొక్క తీయని ఎండు కొబ్బరికాయ కాలవలోకి విసిరేవాణ్ణి, తేలుతూ పోతుంది, వాడు ఈది తెచ్చి నా చేతిలో పెట్టేవాడు. చెప్పొద్దూ, వారంలో వచ్చేసింది. తర్వాత దింపు వాళ్లు వచ్చి చెట్లెక్కిన రోజున మా కాయలతో పాటు పక్క తోటలో రాలినవి కూడా ఒక్కొక్కటే మోసుకొచ్చి మా గుమ్మంలో రాశి పోశాడు. ఆ పంచాయితీ సంగతి వదిలేద్దాం, మావయ్య గారు మంచివారు.

అసలు మీతో పేచీ బాతుల రోజునండీ.

సార్వా కోతలైపోయి చేలన్నీ వరి దుబ్బులతో ఉన్నాయి. బోదె కాలవ అవతల చేలో బాతుల మంద దిగింది, తక్కువలో తక్కువ నాలుగొందలు, రాలిన గింజలూ నత్తలూ ఏరుకుంటూ గోలగోలగా. వెనక ఒకాయన, తలపాగా, పొడుగాటి వెదురుకర్ర. నేను కాయ విసిరాను. కాజా బోదె దాటాడు, కాయ వాసన చూశాడు, తలెత్తాడు. తాతముత్తాతల వంశమేదో వాడి కళ్లలోకి వచ్చి కూర్చుంది. నేను పొడుగు కూత ఊదాను. వెళ్లిపోయాడు. మళ్లీ ఊదాను, అదే తప్పని తెలిసీ. చిన్న కూతలు ఊదాను. ఆ తర్వాత మిమ్మల్ని నోట్లోంచి ఉమ్మేసి నా మాతృభాషలోకి దిగాను: “కాజా! వద్దురా! ఆగరా! దాని జోలికి పోకురా!”

మూడు రా-లు విన్నాడు కదా, వచ్చాడు. బుద్ధిగా, తిన్నగా, నోట్లో బతికున్న బాతుతో వచ్చి, నా ముందు కూర్చుని, తలెత్తి చేతికి అందించాడు. మీ సిలబస్‌లో ఉన్నట్టే. ఈకైనా చెదరలేదు. పంటి గాటు పడకుండా పట్టే ఈ మెత్తటి నోరే వాళ్ల జాతి గొప్పట.

బాతులాయన వచ్చారు. తిడతారనుకుని నేను జేబు తడుముకుంటున్నాను. ఆయన బాతుని తీసుకుని, రెక్కల కింద బొటనవేలితో నొక్కి చూసి, కాళ్లు కదిపి చూసి కింద వదిలారు. అది తోక ఒకసారి దులుపుకుని, ఏమీ జరగనట్టు మందలోకి నడిచిపోయింది. “మంచి నోరండీ దీనిది” అన్నారు. ఈలోగా మంద గట్టువైపు సాగుతోంది. ఆయన కర్ర అడ్డంగా చాపి గొంతులోంచి “హోయ్” అన్నారు, గట్టిగా కూడా కాదు. నాలుగొందల బాతులూ ఆగిపోయాయి. వాటితో పాటు, ఈల గారూ, మీ శిష్యుడు కూడా టపీమని కూర్చున్నాడు.

“మెడలో అదేంటండీ?” అని అడిగారు. చెప్పాను. ఖరీదు అడిగారు. అదీ చెప్పాను. ఆయన ఒకసారి తన కర్ర వైపు చూసుకుని, ఇంకేమీ అనకుండా వెళ్లిపోయారు.

ఆ రాత్రి నిద్రపట్టక మీ చుట్టాల గురించి చదివాను. 1876లో గాల్టన్ అనే ఆయన మనిషి చెవికి అందని ఈల తయారు చేశాడట, దాన్ని చేతికర్ర చివర దాచుకుని లండన్ జూలో జంతువుల చెవుల దగ్గర మోగిస్తూ తిరిగాడట, ఎవరు తల తిప్పుతారో చూడ్డానికి. మనకి 20 వేల హెర్ట్జ్ దాటితే వినపడదు, కుక్కలకి 40 వేలు దాటినా వినపడుతుంది. కాజాకి మీరు వినపడలేదేమో అని నాకున్న ఒక్క ఆశా అలా పోయింది.

మిమ్మల్ని పూర్తిగా దండగ అనను. ఒక పాఠం మాత్రం చెక్కుచెదరకుండా అబ్బింది. చిన్నప్పుడు గిన్నెలో అన్నం పెట్టేముందు చిన్న కూతలు ఊదండి, ఈల అంటే తిండి అని నాటుకుంటుంది అని చదివి, అలాగే చేశాను. కాకపోతే సరిగ్గా అదే వేళకి వంటింట్లో అమ్మ కుక్కర్ పెట్టేది. మీ శ్రుతి వేరు, కుక్కర్ శ్రుతి వేరు, అంకె కూడా లేదు దానికి. కానీ వాడు మీ ఇద్దరిలో ఎవరి వెనక పప్పు వస్తుందో లెక్క తేల్చుకున్నాడు. మొదటి విజిల్‌కి చెవులు లేస్తాయి, రెండోదానికి వంటింటి గడప దగ్గర కూర్చుంటాడు, మూడోదానికి నోరూరుతుంది. వీధి చివర ఎవరింట్లో కుక్కరు కూసినా వెళ్లి వాళ్ల గుమ్మంలో హాజరు వేయించుకొస్తున్నాడు.

ఇంకా చాలా రాద్దామనుకున్నాను, వంటింట్లో మూడోది కూసింది. కాజా లేచాడు. నేనూ లేచాను.

ఇట్లు,
మీ తాడు మోస్తున్నవాడు